బిడారులు విడిసిన అడవులు



రేణిగుంటనుండి కడపవైపు రైలు కదలి, కరకంబాడి పొలములు దాటగానే, ఎడమచేతిప్రక్క శేషాచలపంక్తి మనతోడ నడువ నారంభించును. మామండూరు, బాలపల్లె, శెట్టిగుంట, కోడూరు అను స్టేషనుల వరుస యంతయు ఆ కొండల నీడనే యున్నది. ఈ యడవిలోనికి అనుమతి లేక ప్రవేశించుట నేడు నేరము. అందు పొయ్యి రాజేసి రాత్రి పండుకొనుట అంతకు మించిన నేరము. ఈ మాట విని నేటి బాలు రెవ్వరును ఆశ్చర్యపడరు. అడవి యన సర్కారుది, సర్కారుది యన మనది కాదు అని వారు పుట్టినది మొదలు వినుచున్నారు. కాని 1882వ సంవత్సరమునకు పూర్వము ఇట్టి నిషేధము ఈ కొండలయందు చట్టరూపమున లేకుండెను. అడవిలో విడియుట అప్పుడు దొంగతనమును గాదు, వినోదమును గాదు, బ్రదుకుతెరువు. అది యెట్లు నడచెను, యెట్లు ఆగెను, ఎవరికి ఆగెను, ఎవరికి ఆగలేదు అనునదే నేటి ప్రసంగవిషయము.

ముందుగా మన భాషను సాక్ష్యము పిలుతము. ఇల్లు గాని తావున రాత్రి గడపుటకు తెలుగువారికి ఎన్ని మాటలున్నవో చూడుడు. విడిది, బస, మజిలీ, డేరా, బిడారు, మంద, దొడ్డి, పెంట. ఇందు మజిలీయు డేరాయు తురకల దొరతనముతో వచ్చినవి; తక్కినవి మనవే. వర్తకులు పెరికెయెడ్లతో దిగిన తావు బిడారు. గొల్లలును కురుబలును గొఱ్ఱెలను కూడదోలి కావలి పండుకొన్న తావు మంద. పశువులకు ముండ్లకంప నడ్డముపెట్టిన తావు దొడ్డి. నల్లమలలోని చెంచులు నేటికిని తమ నివాసమును పెంట యనియే యందురు. కుక్కలదొడ్డి యను నూరు మామండూరు దాటినపిమ్మట మనకు తగులును. నేడది గ్రామమే కాని, పేరు మాత్రము పూర్వ మచ్చట దొడ్డి యుండెనని చెప్పుచునే యున్నది. రేణిగుంటలోని గుంటయు, శెట్టిగుంటలోని గుంటయు నట్టివే. గుంట యనగా నీరు నిలుచు పల్లము. బరువు మోయు నెద్దు నీరున్నచోటనే దిగును గాని బాటసారి కోరినచోట దిగదు. కావున బాట వెంబడి గుంటల పేర్లు వరుసగా వినవచ్చినచో అవి మజిలీల పట్టిక యనుకొనుట తప్పు కాదు. ఇవి రాతిశాసనములు కాకపోవచ్చును. కాని రాతిశాసనములను పగులగొట్టినవారు సైతము ఊరిపేరును పగులగొట్టలేకపోయిరి.

ఇక శాస్త్రము. కూర్మపురాణమునందు శ్రాద్ధము పెట్టదగిన స్థలములను చెప్పుసందర్భమున ఒక విశేషము గలదు. పరుల భూమిలో శ్రాద్ధము చేయరాదు. అట్లయిన సొంతభూమి లేనివాడు, బాటసారి, యెచ్చట చేయవలెను? అడవులు, కొండలు, పుణ్యతీర్థములు, దేవాలయములు ఎవ్వరికిని స్వామ్యము లేనివి, వానియందు పరిగ్రహము లేదు, కావున అచ్చట చేయవచ్చునని సమాధానము. ధర్మశాస్త్రనిబంధకారులును ఈ మాటను గ్రహించిరి. దీనిని బట్టి మన పూర్వులు అడవిని నిర్నిబంధముగా విడిచిరని కొందఱు చెప్పుదురు. నేను వారితో నేకీభవింపను. కౌటిల్యుని యర్థశాస్త్రమున వివీతాధ్యక్షుడను నుద్యోగి కనబడుచున్నాడు. పచ్చికబయళ్లపై నధికారి యతడు. బాటసారుల చేతనున్న ముద్రలను పరీక్షించుట అతని పనులలో నొకటి. ముద్ర యనగా ప్రయాణపు టనుమతియే. ఆ ముద్రల నిచ్చుటకు వేఱొక యధ్యక్షుడు కలడు. కావున రాజునకు అడవిపై కన్ను లేకపోలేదు. ఉన్న భేద మేమనగా, ఆ కన్ను దొంగనుండి బాటసారిని కాచుటకై తెఱచినది. బాటసారియే దొంగ యను నూహతో తెఱచినది కాదు.

మహాభారతమున అరణ్యపర్వము అడవివిడుదుల పురాణమే గదా. అందు ఘోషయాత్ర మీ రందఱు నెఱిగినదే. దుర్యోధనుడు ద్వైతవనమునకు పోవుటకు చెప్పిన నెపము ఆలమందలను లెక్కించి, దూడలకు గుఱుతులు వేయించుట. అనగా రాజుల పసులమందలును అడవిలోనే విడిసి యుండెడివి. ఆ ఘోషయాత్రకు పిమ్మట వచ్చు నొక చిన్నకథను మాత్రము మనవారు తఱచుగా దాటిపోవుదురు. పాండవులు ద్వైతవనమున నివసించుచుండగా ఒకరాత్రి ధర్మరాజునకు కలలో మృగములు కనబడి, కన్నీటితో, మేము బీజమాత్రముగ మిగిలితిమి, మీరు విడిది మార్చినచో మా కులము మరల వృద్ధిపొందునని వేడుకొన్నవి. ధర్మరాజు తెల్లవాఱగానే తమ్ములకు చెప్పి కామ్యకవనమునకు తరలిపోయెను. ఒక్కచోట నెక్కువకాలము విడిసిన నడవి తఱుగును, విడిది మార్చుచుండిన నడవి కోలుకొనును అను నెఱుక మనకు బయటినుండి వచ్చినది కాదని చెప్పుటకు ఈ స్వప్నకథ చాలును. ఏ యధికారియు తఱుమకుండనే ఆయన కదలెను.

ఈ కొండలయం దడవిబాటలు త్రొక్కినవారెవరు? మొదట పశువుల కాపరులు. వేసవిలో చెఱువు లెండినపుడు కొండకోనల పచ్చికయే గతి. వారు ఊరక మేపలేదు, పుల్లరి చెల్లించిరి. పులు అనగా గడ్డి, అరి అనగా పన్ను. గడ్డికి పన్ను పుల్లరి. ఇది తెల్లదొరలు కల్పించినది కాదు, అంతకు పూర్వమునుండి యున్నదే. పాలెగాండ్ర కాలమున దారి కావలికి వేఱుగ ముట్టచెప్పుటయు నుండెను. కాని పుల్లరి చెల్లించినవాని విడిదిని ప్రశ్నించిన దొర లేడు. వానకాలము వచ్చినపిమ్మట ఆ మందలే పల్లములకు దిగి రైతుపొలమున విడియును. అది పొలమునకు ఎరువు. దానికి రైతు గొల్లవానికి ధాన్యమిచ్చును. అడవియు పొలమును ఒకే మందకు రెండు కాలముల విడుదులు. ఒకదానిని మూసినచో రెండవదియు కుంటువడును. ఈ సంగతి కచ్చేరీలో కూర్చుండి చూచువారికి కానరాదు.

పిమ్మట పెరికెయెడ్లవారు. 1652లో గండికోటలో మీర్ జుమ్లాను చూడవచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, ఈ దేశమున పదివేలు పండ్రెండువేల యెడ్లు గల బిడారులను తాను చూచినట్లు వ్రాసెను. ఒక జట్టు గోధుమాది ధాన్యము, ఒకటి బియ్యము, ఒకటి పప్పుధాన్యము, ఒకటి ఉప్పు, ఇట్లు వస్తువునకొక జట్టు. వారు ఆలుబిడ్డలతో నడచుచు, గుడారములలో విడియుచు, ఇల్లన్నది లేకయే దేశమునకంతకు నన్నము మోసిరి. వీరే మనము లంబాడీలు, బంజారాలు, సుగాలీలు అని పిలుచువారు. 1791, 1792 సంవత్సరములలో టిప్పుసుల్తానుపై కారన్‌వాలిసు దొర నడపిన యుద్ధమున ఇంగ్లీషు సైన్యమునకు ధాన్యమందించినది ఈ బిడారులే. అప్పుడు వారు దొరలకు మిత్రులు.

మన ప్రాంతమున అంతకన్న ముఖ్యులు ఎఱుకలు. సముద్రతీరమున నుప్పు కొని, గాడిదలపైనను ఎడ్లపైనను వేసికొని, కనుమలు దాటి, మెట్టసీమలో ధాన్యమునకు మార్చి, మరల తీరమునకు పోవువారు ఉప్పెఱుకలు. కరివేపాకు మోసి యమ్మువారు కరివేపాకెఱుకలు. మామండూరు కనుమ, బాలపల్లె కనుమ తీరమునకును మెట్టకును నడుమ వాకిళ్లవంటివి. ఒక్కొక్క బిడారు రెండురాత్రులో మూడురాత్రులో ఒక గుంటకడ దిగి, అలసిన యెడ్లను మేపి, విఱిగిన కొమ్మలతో వంటచేసికొని, బుట్టలల్లి, సోదెచెప్పి, కదలిపోవుచుండెను. కొండల యంచులందు యానాదులు ఆకుగుడిసెలు వేసికొని, తేనెయు దుంపలును మూలికలును సేకరించుచుండిరి. వీరి విడుదులలో దేనికిని పట్టా లేదు, చిట్టా లేదు. మెత్తనైన ఆ నేలపై పడిన పొయ్యిమసి తప్ప వేఱు గుఱుతు లేదు. చరిత్ర వ్రాయువారికి ఇదియే కష్టము. చట్టము వ్రాసినవారికి ఇదియే సౌలభ్య మయ్యెను.

యాత్రికుల మాట మఱవరాదు. చెన్నపట్టణము సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి సేవించి, ఈ కనుమదారినే కడపకు, అచ్చటనుండి అహోబిల శ్రీశైలములకు పోయిరి. నూఱుమందికి మించిన పరివారము, పల్లకీ బోయీలు, గుడారములు వారివెంట నుండెను. 1838లో అచ్చుపడిన వారి కాశీయాత్రచరిత్ర చదివినవారికి ఒక విషయము స్పష్టము. ప్రతిమజిలీకడను వారు అడుగు ప్రశ్నలు రెండే: నీరు కలదా, దిగుటకు నీడ కలదా. ఇది యెవరి నేల, ఎవరి సెలవు కావలెను అను ప్రశ్న వారికి తోచలేదు. న్యాయస్థానమున ననుభవము గలవారే, ఆంగ్లచట్టము నెఱిగినవారే, అట్లు తోచనివా రయిరి. చట్టమునకు పూర్వస్థితి ఎట్టిదో తెలియుటకు ఇంతకన్న మంచి సాక్ష్యము నాకు తెలియదు.

మార్పు రైలుతో వచ్చినది. రైలుపట్టాల క్రింద పఱచుటకు దూలములు, ఇంజనులో మండుటకు కట్టెలు కావలసి వచ్చెను. 1856లో చెన్నపురి రాజధానియందు అడవులశాఖ యేర్పడి, హ్యూ క్లెగ్‌హార్న్ అను వైద్యుడు దానికి పెద్ద యయ్యెను. 1871 నాటికి చెన్నపట్టణమునుండి రేణిగుంట, కడపల మీదుగా రాయచూరువఱకు పట్టాలు పోయి, బొంబాయి రైలుతో కలిసెను. 1882లో ఐదవ యాక్టుగా మదరాసు అడవిచట్టము వెలువడెను. దాని పని యెట్లనగా: ఫలానా యెల్లలలోని నేలను రిజర్వు చేయదలచితిమని సర్కారు ప్రకటించును. సెటిల్‌మెంటు ఆఫీసరు చుట్టుపట్ల గ్రామములలో చాటింపు వేయించి, ఇందు మీకు దారి, మేత, నీరు, కట్టె మొదలగు హక్కు లున్నచో నియమితమైన గడువులో చెప్పుకొనుడని పిలుచును. చెప్పుకొన్నవారి హక్కులను విచారించి కొన్నిటి నొప్పుకొనును, కొన్నిటిని త్రోయును. చెప్పుకొననివారి హక్కు లంతరించును. పిమ్మట తుదిప్రకటన. ఆ దినమునుండి సెలవులేని ప్రవేశము, మేపు, నిప్పు, నఱకుట అన్నియు శిక్షార్హములు.

మాటలలో ఇది న్యాయముగనే యున్నది. గ్రామమున కాపురమున్న రెడ్డి, కరణము, రైతు చాటింపు విని, అర్జీ వ్రాయించి, కొంతదారి, కొంతమేత నిలుపుకొనిరి. కాని చాటింపు వేసిన దినమున ఉప్పెఱుకలవాడు నూఱుమైళ్ల దూరమున సముద్రపుటొడ్డున నుండెను. లంబాడీ తండా ఏ మైసూరుసీమలోనో దిగి యుండెను. గొల్లవాని మంద పల్లపుపొలములలో నుండెను. గడువు ముగిసెను. మరుసటి యేడు వారు ఎప్పటివలె వచ్చి, ఎప్పటి గుంటకడనే దిగిరి. అప్పటికి వారు దొంగలై యుండిరి. హక్కు చెప్పుకొనుటకు ఊరిలో నుండవలెను. వారి హక్కో ఊరిలో నుండకపోవుటయే. చట్టమును వ్రాసినవారి దురుద్దేశ మిది యని నే ననను. ఊరు లేని మనుష్యుడు ప్రజ యని వారి యూహకు రాలేదు. ఫలము మాత్ర మొక్కటే.

ఇందొక వింత గలదు. అడవివిడిది యందఱికిని నిషిద్ధము కాలేదు. జమాబందీకి బయలుదేరిన కలెక్టరు డేరాలు మామిడితోపులలో లేచుచునే యుండెను. వేటలైసెన్సు గల దొరలు కోనలలో వారములతరబడి విడియుచునే యుండిరి. వారికి పాలు, కోళ్లు, కట్టెలు, మోతకూలీలు చుట్టుపట్ల గ్రామములనుండియే పోయెను. కాంపు అను మాట అట్లు మన భాషలో చేరినది. ఆ మాటకు మర్యాద కలిగెను. బిడారు అను మాటకు మర్యాద పోయెను.

ఉప్పెఱుకలపై దెబ్బమీద దెబ్బ. 1805లో కంపెనీవారు ఉప్పును తమ యేకస్వామ్యము చేసికొనిరి. రైలు వచ్చి ఉప్పును పెట్టెలలో మోసెను. అడవిచట్టము దారిమేతను మూసెను. బ్రదుకు పోయినవానిని తిరుగుబోతనిరి. 1911లో నేరస్థజాతుల చట్టము మదరాసు రాజధానికిని వర్తింపగా, ఎఱుకలలో పెక్కుకుటుంబములు పేర్లు నమోదుచేయించుకొని, హాజరు పలుకవలసిన వారైరి. కొందఱిని స్టువార్టుపురము, సీతానగరము, కావలి మొదలగు సెటిల్‌మెంట్లలో నుంచిరి. మదరాసులో 1947లోను, దేశమంతటను 1952లోను ఆ చట్టము రద్దయినది. రద్దయినపిమ్మట నైనను వారికి పాతదారులు తెఱవబడలేదు.

రైతులకును ఈ కట్టుబాట్లు కంటకమే యయ్యెను. ఫిర్యాదులు పెరిగి, ప్రభుత్వము నియమించిన కమిటీ 1913లో విచారించి, కొన్ని యడవులను గ్రామపంచాయతుల చేతి కిమ్మని చెప్పెను. కొంతమేర అది జరిగినది. పలనాటిలో 1921లో రైతులు పుల్లరి చెల్లింపక పశువులను అడవికి తోలిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకికి బలియయ్యెను. పలనాటి వీరులలో నాయన పేరును గూడ చేర్చి చెప్పుట అచ్చటివారి యాచారము. అది యుచితమే.

ఇంతవఱకు ఒకప్రక్క. రెండవప్రక్కను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. ఎఱ్ఱచందనము ఈ కొండలలోను, ఇరుగుపొరుగు పంక్తులలోను తప్ప ప్రపంచమున వేఱెచ్చటను సహజముగా నడవిగా పెరుగదు. కాపు లేకున్న నీపాటికి ఒక్కమానును మిగిలి యుండకపోవును. 2014 మార్చిలో శేషాచలము తగులబడి, తిరుమల యంచులవఱకు మంటలు రాగా, సైనికవిమానశాఖ హెలికాప్టరులతో నీరు చల్లవలసి వచ్చినది. వేసవిలో బోదగడ్డిపై ఒక్క బీడిముక్క చాలును. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము, 2010లో శేషాచల జీవావరణ రక్షితప్రాంతము ఏర్పడినవి. జాతీయోద్యానమున పశువుల మేపు 1972 నాటి చట్టముచే నిషిద్ధము. వీనిని నేను తప్పుపట్టను. అయినను కాపు పెరిగినకొలది చందనపుదొంగ తఱిగెనా? దొంగ అడవిలో దినములతరబడి రహస్యముగ విడియుచునే యున్నాడు. సెలవడిగి విడియువాడు మాత్రమే లేడు. 2015 ఏప్రిల్ 7న, చందనము నఱక వచ్చిరని చెప్పబడిన తమిళదేశపు కూలీలు 20 మంది ఈ కొండలలో పోలీసు కాల్పులకు మరణించిరి. వారిని పంపిన వర్తకు డెన్నడును అడవిలో రాత్రి గడపినవాడు కాడు.

పూర్వపు విడిది యొక్క ఆనవాలు నేడు తీర్థముక్కోటులలో మిగిలినది. పుష్యమాసమున రామకృష్ణతీర్థము, మాఘమున కుమారధార, ఫాల్గుణపూర్ణిమకు తుంబురుతీర్థము. ఆ దినములలో భక్తులను అడవిలోనికి విడుతురు. దేవస్థానమువారు అన్నము, నీరు ఏర్పాటుచేయుదురు. తాళ్లపాక అన్నమాచార్యులవారు కొండకు నడచిరని చెప్పు బాట కుక్కలదొడ్డి కడనుండియే అడవికెక్కును. ఆ బాటను పట్టి భక్తబృందములు అప్పుడప్పుడు సెలవుపొంది నడచుచున్నవి.

ఇతరదేశములవా రేమి చేసిరి? స్వీడను దేశమున ఇండ్లకు దూరముగ ఎవరి నేలనైనను ఒకరాత్రి గుడారము వేసికొనుట అనాదిగ వచ్చిన సర్వజనహక్కు. స్కాట్లండు 2003లో దీనిని చట్టముగ చేసికొనెను. అమెరికా జాతీయారణ్యములలో పెక్కింట, ఏర్పఱచిన విడుదులకు వెలుపలను రుసుము లేకయే దిగవచ్చును. కాని సాధారణముగ 14 దినములకు మించి ఒక్కచోట నుండరాదు, ఎండకాలమున నిప్పు పెట్టరాదు. ఆ 14 దినముల నియమము చదివినపుడు నాకు ధర్మరాజుగారి కలయే తలపునకు వచ్చినది. అచ్చట విడియువారు వినోదార్థము విడియుదురు. మనకడ విడిసినవారు ఉప్పు మోయుచు విడిసిరి. కావున వారి నియమములను యథాతథముగ తెచ్చికొనుమని నేను చెప్పను.

మన దేశమున 2006లో అడవిహక్కుల చట్టము వచ్చినది. గిరిజనులకును, మూడుతరములుగా అడవి నాశ్రయించిన యితరులకును అది వర్తించును. నిలిచియుండువారి మేపు, కదలుచుండువారి మేపు, సంచారజాతులవారు ఋతువును బట్టి వచ్చి యడవి నుపయోగించుకొను నాచారము, ఇవి యన్నియు సాముదాయిక హక్కులుగా అందు చేరినవి. జాతీయోద్యానములకును అభయారణ్యములకును గూడ అది వర్తించును. 2007 నాటి నియమములలో ఇంకొక మాట యున్నది. పశువుల కాపరులయు సంచారజాతులయు హక్కులను విచారించునపుడు, వారో వారి ప్రతినిధులో ఆ చోట నున్న కాలముననే విచారింపవలెను. 1882లో జరిగిన లోపమును నూటయిరువదియైదేండ్లకు ఒకరు గుర్తించిరన్నమాట.

హక్కును విచారించు మొదటి స్థానము గ్రామసభ. సాక్ష్యములలో ఒకటి వృద్ధుల వాఙ్మూలము. హక్కు కోరువాడు కాక, ఊరిలోని పెద్ద యొకడు తానెఱిగినది చెప్పి వ్రాయించినచో అది చెల్లునని నియమము. ఈ ప్రసంగమును చదువు పెద్దలలో డెబ్బది దాటినవారు మందలను, బిడారులను తమ కన్నులతో చూచినవారు కొందఱైన నుందురు. అట్టివారు వ్రాయింపవలసినవి నాలుగే: ఏ గుంటకడ దిగిరి, ఏ మాసమున దిగిరి, ఎన్ని రాత్రు లుండిరి, ఎవరివారు.